దిగని స్టేషన్

"మళ్ళీ లోకలేనా?" అంటాడు మా ఆయన విల్మర్, నేను చెప్పులు విప్పకముందే. "లోకలే," అంటాను. ఈ ఊళ్ళో నెపం రైలు మీదికి తోసేస్తే ఎవరూ నిలదీయరు. పెళ్ళికి ఆలస్యమైనా, చావుకి ఆలస్యమైనా రైలే కారణం. ఆ మర్యాదని రెండేళ్ళుగా వాడుకుంటున్నాను.

సాయంత్రం పూట మా సెవెన్ నంబరు లైన్లో రెండు రకాల బళ్ళొస్తాయి. ఎర్ర డైమండ్ గుర్తుంటే ఎక్స్‌ప్రెస్, పచ్చ గుండ్రం ఉంటే అన్ని స్టేషన్లలోనూ ఆగే లోకల్. ఎక్స్‌ప్రెస్ మధ్యలో ఎనిమిది స్టేషన్లు వదిలేసి నన్ను మా స్టేషన్ జంక్షన్ బులవార్డ్‌లో దింపేస్తుంది. ఇంట్లో తొందర ఉన్న ఆడవాళ్ళంతా దాన్లోనే వేలాడుతూ పోతారు. హోటల్లో పద్నాలుగు గదులు తుడిచిన మోకాళ్ళతో నేను మాత్రం దాన్ని వదిలేసి లోకల్ ఎక్కుతాను, కూర్చోవచ్చని. బండి సొరంగంలోంచి పైకొచ్చాక ఒళ్ళో ఎండ పడుతుంది. ఆ కాసేపూ నన్నెవరూ "నార్సిసా" అని పిలవరు. అందుకు సిగ్గుగానే ఉండేది. ఇంట్లో షుగరున్న ముసలావిడ ఆకలితో కూర్చునుంటే ఎండ కాగుతున్నానేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అయినా మర్నాడూ లోకలే ఎక్కేదాన్ని.

మా అత్తగారు జొయ్లా సాయంత్రం సూది పడందే ముద్ద ముట్టదు. ఆ సూది నేనే వెయ్యాలి. కట్టడం పని చేసే విల్మర్ మూడింటికల్లా ఇంటికొస్తాడు గానీ, సూది చూస్తే తనకి కళ్ళు తిరుగుతాయంటాడు. "నీ చెయ్యి తేలికమ్మా," అంటుంది ఆవిడ. ఆ మెచ్చుకోలుతోనే నన్ను కట్టేశారు.

మొన్న గురువారం మా స్టేషన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. నిద్రపోలేదు, మర్చిపోలేదు. లేవలేదు, అంతే. తలుపులు మూసుకుంటుంటే, ఛీ, చెప్పడానికి నోరు రావడం లేదు, సంతోషం వేసింది. చివరి స్టేషన్ దాకా వెళ్ళి, అదే బండిలో కూర్చుని వెనక్కొచ్చాను. సంచీలో ఫోన్ మోగుతూనే ఉంది. తియ్యలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచం మీద ఉంది, నుదుటికి కట్టుతో. పొద్దున వేసుకున్న షుగరు మాత్రలకి ఆకలి తోడై కళ్ళు తిరిగి వంటింట్లో పడిపోయిందట. విల్మర్ కేకేస్తే పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి పంచదార నీళ్ళు పట్టించి కట్టు కట్టిందట. పొయ్యి మీద ఉడికిన మొక్కజొన్న చల్లారిపోయింది. "పాపం, పిల్ల ఏం చేస్తుంది, ఆ రైళ్ళ సంగతి తెలిసిందేగా," అంది ఆవిడ నన్ను చూడగానే. ఆ మాటకి నేలలోకి కుంగిపోయాను. తిట్టినా బావుండేది.

విల్మర్ టీవీలో బంతాట చప్పుడు తగ్గించి, "పదకొండు సార్లు ఫోన్ చేశా. లోకలా?" అన్నాడు.

అవునంటే సరిపోయేది. ఆవిడ నుదుటి మీది గుడ్డ చూస్తూ అబద్ధమాడలేకపోయాను.

"స్టేషన్ వచ్చింది. నేనే దిగలేదు."

"అంటే? కావాలనే?"

"కావాలనే."

అతని మొహం ఎర్రబడింది. "అమ్మ నీకోసం ఆకలితో కూర్చుంటుందని తెలిసీ? ఏం చూసుకుని నీకంత ధైర్యం?"

ఏడుపొచ్చింది. తప్పు నాదే, ఆ గాయం నా వల్లే, నేను బతికినంత కాలం అది నాతో ఉంటుంది. అయినా జవాబు చెప్పాను.

"ఇంట్లో నువ్వున్నావు కదా అని."