ఒంటి దెబ్బ

ఆదెప్ప చితుకుల మంట మీద తప్పెటను తిప్పి తిప్పి కాస్తున్నాడు. తోలు బిగిసిందో లేదోనని మధ్యమధ్య గోటితో మీటి కుడి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. నలభై ఏళ్లు తప్పెట మోసిన భుజం ఒకవైపుకు వాలి, మనిషి నిలబడినా పడబోతున్నట్టే ఉంటాడు.

తాడిపత్రి అంచున ఆ బండల పేట. పాలిష్ మిషన్ల తెల్లబురద కాలువల్లో ఎండి, గాలికి లేచి, గోడల మీదా మేకల వీపుల మీదా మనుషుల కనురెప్పల మీదా సున్నంలా పడుతుంది. పేటలో ఎవరికీ అసలు రంగు లేదు.

పేట సమాచారమంతా ఆదెప్ప తప్పెటలోంచే రావాలి. పోలియో చుక్కలకు, రేషను కిరసనాయిలుకు, కరెంటు కోతకు జంట దెబ్బ. చావుకు ఒంటి దెబ్బ. ఒకటి కొట్టి, ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, మళ్లీ ఒకటి. ఒంటి దెబ్బ వినబడితే ఇంటింటా కుండల్లో ఉన్న నీళ్లు పారబోయాలి. పోయినవాడి దాహం ఆ నీళ్లలో దిగుతుందని పెద్దలు పెట్టిన ఆచారం. వానలు మొహం చాటేశాక ఆడవాళ్లే వచ్చి ఆదెప్పను పట్టుకున్నారు.

"ఉండే నీళ్లు పారబోసుకోని మేమూ సావాల్నా మామా? ఇంగ ఒంటి దెబ్బ వద్దు. పోయినోళ్ల సంగతి నోటితో చెప్పు, సాలు."

అప్పటినుంచి పేటలో మనుషులు చప్పుడు లేకుండా చస్తున్నారు.

ఆ రోజు కొత్త ట్యాంకు ప్రారంభం. మధ్యాహ్నం ఆఫీసర్లొస్తారు, సభ ఉంది. ట్యాంకు కట్టిన కాంట్రాక్టరూ, పేటకు పెద్దమనిషీ వెంకటప్పే. ట్యాంకు కట్టడం అయ్యేసరికి కింద బోరు ఎండిపోయింది. ఆయన ఊరుకునే రకమా? రాత్రికి రాత్రి ట్రాక్టరు ట్యాంకరుతో నీళ్లు తోలించి నింపాడు.

"ఏమప్పా ఆదెప్పా, ఇంగా తెల్లారలేదా నీకు? రా, సాక్షి గుక్క తాగు!" కొళాయి దగ్గరనుంచి కేకేశాడు వెంకటప్ప.

కొత్త నీళ్లు వదిలితే చాటేవాడే ముందు తాగాలి. వాడు తాగి నిలబడితేనే ఆడవాళ్లు బిందె పెడతారు. ఆదెప్ప చెంబెత్తాడు. నాలుక మీద ఏదో చేదు, ముక్కుకు ఏదో వాసన తగిలాయి. ఎరిగిన వాసనే, కానీ ఎక్కడిదో తట్టలేదు. రాత్రి తిండి లేని కడుపు, ఎండిన గొంతు. పదిమంది చూస్తుండగా చెంబు ఖాళీ చేశాడు.

"ఇచ్చిన మాటే చాటాల, సొంత మాట కలపరాదు," అని నేర్పిన నాయన ఇంకొకటి కూడా చెప్పేవాడు. "కూలికిచ్చేది నోరు. సేతులు మనవిరా."

జంట దెబ్బ వేసుకుంటూ ఆదెప్ప సందు సందూ తిరిగాడు. "కొత్త ట్యాంకు నీళ్లు వదిలినారహో! మంచి నీళ్లహో! పట్టుకోండహో!"

తిరిగొచ్చేసరికి నోట్లో ఊరికే నీళ్లూరుతున్నాయి. చెమట చల్లగా పడుతోంది. కొళాయి కారిన గుంత చుట్టూ పిచ్చుకలు పడున్నాయి. ఒకటి ఇంకా రెక్క కొట్టుకుంటోంది. పక్కనే ట్రాక్టరు బసప్ప టైరుకు ఆనుకొని బీడీ కాలుస్తున్నాడు.

"బసప్పా, ఈ ట్యాంకరు యాడిది?"

"పామిడి దిక్కుది. శనక్కాయ చేండ్లకు కొట్టే మందు దీంట్లోనే కలుపుతాండ్రి. వానల్లేక పడుండాది గదా, అగ్గువకు ఇచ్చినారు. కడిగినాంలే పెద్దాయనా, రెండు బిందెలు పోసి."

అప్పుడు తట్టింది ఆ వాసన.

వెంకటప్ప పందిరికి వేపాకు తోరణాలు కట్టిస్తున్నాడు. ఆదెప్ప పందిరి గుంజ పట్టుకొని నిలబడ్డాడు. "నీళ్లల్లో మందుండాదప్పా. పిట్టలు సచ్చినాయి."

"ఎండకు సచ్చింటాయి. నువ్వు నిలబడుకోనే ఉండావు గదా?"

"నాకూ కడుపులో తిప్పుతాండాది."

"ముసిలి కడుపు, తిప్పక ఇంగేం చేస్తాది? ఆఫీసర్లు పొయ్యేదాకా నోరు మూసుకో. తర్వాత సూస్తాం."

ఆ పేటలో పట్టిన నీళ్లు పట్టినట్టు ఎవరూ తాగరు. బిందెలో పడ్డ తెల్లపొడి అడుక్కి తేరేదాకా ఆగుతారు. ఆ తేరే సేపే ఇప్పుడు ఆదెప్పకు మిగిలింది.

పక్కింటి సుంకమ్మ చంకన బిందెతో ఎదురొచ్చింది.

"సుంకమ్మా, ఆ నీళ్లు ముట్టొద్దు. మందు కలిసుండాది."

"ఏం మామా, పొద్దున్నే గటగటా తాగి మంచి నీళ్లహో అని గొంతు చించుకుంటివి. ఇప్పుడు వద్దంటే ఎవురు నమ్మల్ల?"

"ఒట్టమ్మా, నేను..."

"మేమిడిసిపెడితే ట్యాంకంతా నీ కుండలోకి దింపుకుందామనా?"

వెనక వస్తున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆమె తప్పేముంది? పొద్దున చాటిన మాట అప్పటికే ఇంటింటా చేరి మూత పెట్టుకొని కూర్చుంది. దాన్ని వెనక్కి పిలిచే మాట ఆదెప్ప దగ్గర లేదు.

నాలుగు సందులు కలిసే చోట పగిలిన బండల కుప్ప మీద కూలబడ్డాడు. కళ్లముందు పేటంతా నీళ్లలోంచి చూసినట్టు కదులుతోంది. తప్పెట ఒళ్లోకి లాక్కున్నాడు.

ఒకటి కొట్టాడు. ఆగాడు. ఇంకొకటి.

వీధి వీధంతా తల తిప్పింది. మూడో దెబ్బకు నవ్వులు ఆగిపోయాయి. సుంకమ్మ గడపలోనే నిలిచిపోయింది.

"ఎవురు పోయినారు మామా?"

బదులుగా ఇంకో దెబ్బ.

"ఒంటి దెబ్బ వద్దంటిమి గదా! ఎవురో చెప్పు!"

"చెప్తా. ముందు పారబొయ్యండి."

"నీ సేతులు పడిపోను!" అని ఏడుస్తూనే సుంకమ్మ బిందె వంచింది. ఒక ఇంటి వెనక ఒక ఇల్లు. కుండలు, క్యాన్లు, ఆఖరికి పిల్లల ముంతలు కూడా. మనిషి మాటను కొట్టిపారేసిన పేటకు తప్పెటను కాదనే ధైర్యం లేకపోయింది. నీళ్లు తెల్లపొడిని కలుపుకొని పాలలాగా సందులెంట పారాయి.

"ఎవుడ్రా సచ్చింది? సభ పూట ఈ శకునమేందిరా?" వెంకటప్ప చెయ్యెత్తుకొని ఊగిపోతూ వచ్చాడు. ఆదెప్ప మూతి చివర నురుగు కనబడేసరికి ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఒకటి కొట్టి, ఊపిరి తీసుకునేంత సేపు ఆగాలి కదా. ఆదెప్ప ఆగాడు. తరువాతి దెబ్బ కోసం పేటంతా ఎదురు చూసింది.

సుంకమ్మ దగ్గరికొచ్చి వంగింది. "ఎవురు మామా?" అంది మెల్లగా. భుజం తాకింది. ఎప్పుడూ ఒకవైపుకే వాలివుండే మనిషి అదే వైపుకు ఒరిగిపోయాడు.

ఆమె అతని మూతి చివరి నురుగును కొంగుతో తుడిచింది.

కొళాయి దగ్గర పడిన పిచ్చుకలను బసప్ప కాలితో కాలువలోకి నెట్టాడు. ఆదెప్పను నలుగురు మోసుకెళ్లి ఇంటిముందు పడుకోబెట్టారు. అతని కోసం మళ్లీ ఒంటి దెబ్బ కొట్టాల్సిన పని లేకపోయింది. పారబోసిన నీళ్లు బండల కుప్ప దాకా వచ్చి, కిందపడిన తప్పెట కిందికి చేరాయి. పొద్దున మంట మీద అంత బిగించిన తోలు, తడి తాగి, మెల్లగా వదులైపోతోంది.