ఖాళీ కుండీ

"పదకొండు రోజులైందిగా, ఇంకా నడుం వాల్చడమేనా?" అంటూ మా అత్తగారు బంగాళాదుంపల గిన్నె, చాకు తెచ్చి మంచం మీద నా పక్కన పెట్టారు. "నిన్ను లేవమనట్లేదమ్మా. కూర్చునే తొక్క తియ్యి. చేతులకేం ఆపరేషన్ కాలేదు కదా."

నిజమే, చేతులకి కాలేదు. గర్భసంచి తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నాకు కాదు, మా ఆయనకి ఎదురుగా నిలబడి మరీ చెప్పింది. "పైన కుట్లు పది రోజుల్లో మానతాయి. లోపల మానడానికి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా బరువులెత్తకూడదు, వంగకూడదు, గంటలకొద్దీ నిలబడకూడదు. లోపలి కుట్లు ఊడితే మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందే, ఈసారి ఇంత తేలిగ్గా తేలదు." ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు. కారెక్కగానే, "డాక్టర్లు అలాగే భయపెడతారు. మనం ఎలాగూ సగమే వింటామని రెట్టింపు చెప్తారు" అన్నాడు. దాంతో ఆరు వారాలు మూడయ్యాయి. ఇంటి గుమ్మం దాటేసరికి అత్తగారు వాటిని పది రోజులకి దింపారు. కడుపు నాది, కుట్లు నావి, బేరం మాత్రం వాళ్ళిద్దరి మధ్యా జరిగిపోయింది.

ఒక దుంప తొక్క తీసి పక్కన పెట్టాను. రెండోది తీస్తుంటే ఫోన్ మోగింది. మా యజమాని. నేను పనిచేసేది మొక్కల నర్సరీలో. కుండీల్లో గుచ్చే పుల్లల మీద మొక్కల పేర్లు రాయడం, సీజన్ మొదట్లో పంచే కరపత్రం రాయడం నా పని. పద్నాలుగేళ్ళుగా నేనే రాస్తున్నాను, అడుగున పేరు మాత్రం ఆయనది వేసుకుంటారు. "ఎలా ఉందమ్మా ఒంట్లో? విశ్రాంతి తీసుకోండి, తొందరేం లేదు" అని, ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి, "ఎలాగూ పడుకునే ఉన్నారు కదా, పడుకునే ఒక పేజీ రాసెయ్యకూడదూ? ఏటేటా పూసే మొక్కా, ఎడారి మొక్కా, ఇంటి తోటకి ఏది మేలు? ఎడారి మొక్కలు మూడొందలు దిగాయి. కాస్త అటు మొగ్గేట్టు రాయండి" అన్నారు. సరే సార్ అన్నాను. సరే అన్నది నాకు ఊతపదం.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన మా ఆయన్ని అడిగాను, "మీరైతే ఏ మొక్క తెచ్చుకుంటారు?" అని. ఫోన్‌లోంచి తలెత్తకుండానే చెప్పాడు. "ఎడారి మొక్కే. నీళ్ళు పోశావా అనడగదు, ఎండలో వదిలేశావేం అనడగదు. అచ్చం నీలాగే." అది పొగడ్తే, అబద్ధం ఎందుకు చెప్పాలి. పెళ్ళైన కొత్తలో ఆ మాటకి మురిసిపోయేదాన్ని. మీ ఆవిడకి ఏం పెట్టినా పెట్టకపోయినా నవ్వుతూనే ఉంటుందని చుట్టాలంటే లోపల పొంగిపోయేదాన్ని. జ్వరమొస్తే మాత్ర మింగి గిన్నెలు తోమాను. ఎవరూ నా నెత్తిన బలవంతంగా ఆ కిరీటం పెట్టలేదు. నేనే వంగి పెట్టించుకున్నాను. ఇవాళ మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నర్సరీలో పనిచేసేదాన్ని కదా, ఎడారి మొక్కల సంగతి నాకు తెలుసు. వాటికి దాహం లేక కాదు. ఆకుల్లో దాచుకున్నది తాగుతూ బతుకుతాయి. దాచుకున్నది అయిపోతున్నా, వేరు కుళ్ళిపోతున్నా, ఆకు మాత్రం పచ్చగా లావుగా కనిపిస్తూనే ఉంటుంది. ఒకరోజు చేత్తో తాకితే మొదలంటా ఊడొస్తుంది. కొన్నవాళ్ళు దాన్ని తెచ్చి మా బల్ల మీద పెట్టి, "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అంటారు. రెండేళ్ళు రక్తం పోతూ తిరిగాను. నర్సరీలో ఎరువు బస్తాల పక్కన కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో చేర్పించారు. పరుగెత్తుకుంటూ వచ్చిన మా ఆయన డాక్టరమ్మతో అన్న మొదటి మాట, "నిన్నటిదాకా బాగానే ఉందండీ."

ఏటేటా పూసే మొక్క కూడా నాకొకటి ఉండేది. పెరటి మెట్టు మీద, పెద్ద కుండీలో ఎర్ర లిల్లీ. ఎనిమిది నెలలు ఆకులు, అందులో మూడు వారాలు పూలు. తర్వాత నాలుగు నెలలు ఆకు కూడా ఉండదు, దుంప మట్టి కింద పడుకుంటుంది. ఆ నాలుగు నెలలూ పడుకోనిస్తేనే మళ్ళీ పూస్తుంది. నర్సరీలో అలాంటి కుండీలు వరసగా ఉంటాయి. కొత్తగా చేరిన పనివాళ్ళు ఖాళీవనుకుని మట్టి దులిపేస్తారని ఒక్కోదాంట్లో పుల్ల గుచ్చుతాం. 'ఖాళీ కాదు. నిద్రలో ఉంది. పీకొద్దు.' ఏడాదికి నాలుగైదు వందలు రాస్తాను. మా ఇంటి కుండీకి మాత్రం ఎప్పుడూ రాయలేదు. పదకొండేళ్ళుగా చూస్తున్నారు, ఇంట్లోవాళ్ళకి పుల్లెందుకు అనుకున్నాను. నేను ఆస్పత్రిలో ఉన్న ఐదు రోజుల్లో అత్తగారు ఆ కుండీని శుభ్రంగా బోర్లించి, మా ఆయనకి ఆఫీసులో ఎవరో ఇచ్చిన ఎడారి మొక్కని అందులో నాటారు. దుంప ఏదత్తయ్యా అంటే, "ఎండిపోయిన ఉల్లిగడ్డలా ఉంటేనూ, చెత్తబండిలో వేశాను. దానికోసం కళ్ళనీళ్ళేంటి, చోద్యం కాకపోతే" అన్నారు. ఆవిడ కావాలని చేయలేదు. అది ఉందని ఆవిడకి తెలియనే తెలియదు. ఆ రోజు స్నానాలగదిలో పంపు తిప్పి పెట్టుకుని, కుట్లు లాగుతున్నా ఏడ్చాను. ఇంట్లో ముగ్గురం ఉంటాం. ఇంత ఒంటరితనం నాకు ఖాళీ ఇంట్లో కూడా ఎప్పుడూ తెలియలేదు.

మా ఆయన తిరిగి ఆఫీసుకి వెళ్ళాక అత్తగారు హాల్లో కూర్చుని కూతురికి ఫోన్ చేశారు. చెవి కాస్త మందగించింది కాబట్టి ఆవిడ రహస్యాలన్నీ ఇల్లంతా వినిపిస్తాయి. "ఆదివారం వచ్చెయ్యండి, ఐదుగురూ రండి, వారం ఉండి వెళ్ళండి. వంటకేం, కోడలు ఉందిగా. లేచి తిరుగుతోంది. లోపల ఇంకేముందే? తీసేశారుగా, ఖాళీ. ఇక దానికి ఒళ్ళు తేలికే."

చేతిలో మూడో దుంప ఉంది. చుట్టాలు ఐదుగురు, మేం ముగ్గురం, ఏడు రోజులు. నీళ్ళ బిందెలు, తడిసిన దుప్పట్లు, పొయ్యి ముందు నిలబడ్డం. నేను లేస్తానా లేదా అన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. ఎందుకంటే ఎప్పుడూ లేచాను. గిన్నె పక్కకి జరుపుదామని ఎత్తితే బొడ్డు కింద ఎవరో దారం పట్టి లాగినట్టైంది. గిన్నె అక్కడే దించేశాను. భయమేసింది. చచ్చిపోతానని కాదు. మళ్ళీ బల్ల ఎక్కినా ఆయన మళ్ళీ అదే మాట అంటాడని.

చాకు గిన్నెలో వేసేశాను. కాగితం తీసి యజమాని అడిగిన పేజీ రాశాను. ఎడారి మొక్క గురించి మంచే రాశాను, నిజంగానే మంచి మొక్క. కింద ఒక వాక్యం మాత్రం చేర్చాను. 'తక్కువ అడుగుతుంది కదా అని ఏమీ ఇవ్వకుండా ఉండకూడదు.' లిల్లీ దగ్గర 'నాలుగు నెలలు పడుకుంటుంది, అది జబ్బు కాదు' అని రాశాను. ఫొటో తీసి యజమానికి పంపి, 'సెలవు అయ్యేదాకా ఇక ఏమీ రాయను సార్' అని కూడా పంపాను. తర్వాత మా వదినకి, అంటే ఆయన అక్కకి, ఫోన్ చేశాను.

"ఏమీ అనుకోకు వదినా. ఆదివారం రావద్దు. ఇంకో నాలుగు వారాలాగి రండి."

"అదేంటి, నువ్వు తిరుగుతున్నావని అమ్మ చెప్పిందే?"

"తిరగట్లేదు. నొప్పిగా ఉంది."

"సరేలే" అని పెట్టేసింది. కోపమొచ్చిందో, జాలేసిందో నాకు తెలియలేదు. నొప్పిగా ఉందన్న మాట ఈ ఇంటి మనుషులతో పైకి అనడం పదిహేడేళ్ళలో ఇదే మొదలు. నోట్లో కొత్తగా ఉంది.

నా చేతిసంచీలో రాసిన పుల్లల కట్ట ఎప్పుడూ ఉంటుంది. ఒకటి తీసి, మెల్లగా నడిచి వెళ్ళి, పడగ్గది తలుపు గొళ్ళెంలో దోపాను. దుంపల గిన్నె మంచం మీదే ఉంచి, దానికి వీపు చేసి పడుకున్నాను. కాసేపటికి అత్తగారి చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని కూడబలుక్కుంటూ చదవడం వినిపించింది. ఖాళీ కాదు. నిద్రలో ఉంది. పీకొద్దు.

"ఇదేంటమ్మా, మొక్కలకి పెట్టేది తలుపుకి పెట్టావు?"

"కుండీకి పెట్టడం మర్చిపోయానత్తయ్యా" అన్నాను కళ్ళు తెరవకుండానే. "నాకు పెట్టుకోవడం మర్చిపోలేదు."