అమ్మే బండి

చిక్కడపల్లిలో ఉమాకాంత్‌కు ఇంకో పేరుంది. ఒరిజినల్ ఉమాకాంత్. ఆ పేరు పెట్టింది చెల్లెలు త్రివేణి మొగుడు శ్రీపతి. పెట్టడా మరి! గడియారం బెల్టు తెగినా, కుక్కర్ గ్యాస్కెట్ సాగినా కంపెనీదే కావాలి, డబ్బా సీలు తన కళ్ల ముందే తెంపాలి. మిక్సీ జారు మూత విరిగితే, కంపెనీ మూత దొరికేదాకా భార్య రాజకుమారి చేత రోట్లో పచ్చడి నూరించిన మహానుభావుడు. "నన్ను గూడ డబ్బా మీద పేరు చూసే చేసుకున్నరా ఏంది?" అని ఆవిడ దెప్పుతుండేది.

అటువంటి మనిషి జన్మకొక్కసారి డూప్లికేట్ సామాను వేయించాడు. అదీ కారు బ్రేకులకు.

మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేక ఆయన కారు అమ్మకానికి పెట్టాడు. బ్రోకరు ఒకడు పార్టీని తెస్తానన్నాడు. బ్రేకు తొక్కితే కీచుమంటోంది, చూసేవాడికి బాగుండదని నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క గల్లీలో ఉన్న మెకానిక్ నాగేందర్ షెడ్డుకు తీసుకెళ్లాడు.

"ప్యాడ్లు అరిగినయన్నా. కంపెనీయి ఎయ్యాల్నా, బయటియి ఎయ్యాల్నా?" అన్నాడు నాగేందర్.

ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట. బండి అమ్ముతున్న సంగతి తెలుసు కనుక అడిగాడు.

"బయటియి ఎట్లుంటయి?"

"సిటీల నడుస్తయన్నా. అమ్మే బండికి అందరు గవే ఏపిస్తరు. కంపెనీయి ఎవ్వరేస్తరు?"

నిజమే కదా అనిపించింది. రేపోమాపో ఎవరి చేతికో పోయే బండికి ఎందుకింత ఆరాటం? "సరే, గవే ఎయ్యి. చప్పుడు రాకుంటే చాలు" అన్నాడు. ఆ రోజు సీలు చూడలేదు. చూద్దామన్నా డబ్బా లేదు, నాగేందర్ వాటిని పాలిథిన్ కవర్లోంచి తీసి బిగించాడు. ఇంటికొచ్చి "కొత్త బ్రేకులు వేయించిన" అన్నాడు రాజకుమారితో. అబద్ధమేం కాదుగా!

తీరా చూస్తే బ్రోకరు తెచ్చిన పార్టీ మనసు మార్చుకుంది. ఆదివారం అశోక్ నగర్ నుంచి శ్రీపతి, త్రివేణి, కూతురు సంజన భోజనానికి వచ్చారు. శ్రీపతికి అక్కడ పోటీ పరీక్షల పుస్తకాల దుకాణం ఉంది. బేరం తప్పిపోయిన సంగతి వినగానే ఎగిరి గంతేశాడు.

"బయటోళ్లకెందుకు బావా, నేనే తీస్కుంట. నీ బండంటే కండ్లు మూస్కొని కూసోవచ్చు."

"మొన్ననే కొత్త బ్రేకులు గూడ వేయించిండ్రు" అంది రాజకుమారి.

"ఇగ చెప్పాల్నా అక్కా! ఒరిజినల్ ఉమాకాంత్ గారి బ్రేకులు!"

అందరూ నవ్వారు. ఉమాకాంత్ కూడా నవ్వాడు. అప్పుడే చెప్పేయాల్సింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అందరి ముందు, ఆ పేరు పెట్టిన మనిషి ముందే, ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

"రెండు రోజులు ఉండనీ బావా. నాగేందర్‌కు ఒకసారి చూపించి ఇస్త" అన్నాడు.

"ఎల్లుండి అమాస అన్నా. బండి ఇయ్యాల్నే మా గుమ్మం ముందట ఉండాలె" అంది త్రివేణి. అమావాస్య ముందర కొత్త బండి ఇంటికి చేరాలని ఆమె పట్టు. రాజకుమారి బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టింది, ఉమాకాంత్ తాళాలు ఇచ్చేశాడు. అశోక్ నగర్ ఎంత దూరం, సిటీలోనే కదా తిరిగేది, నాలుగు రోజులాగి ఏదో వంక పెట్టి మార్పిద్దాం అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

బండి కొన్నవాళ్లు గుడికి తీసుకుపోకుండా ఊరుకుంటారా? ఆ సంగతి ఆయనకు తట్టనేలేదు. అమావాస్య వెళ్లగానే ముగ్గురూ శ్రీశైలం బయల్దేరారు. డ్యామ్ వైపు దిగే ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి కొండను గుద్దుకుంది. వెనక నిద్రపోతున్న త్రివేణికి చెయ్యి విరిగింది. ముందు కూర్చున్న సంజన చిన్న గీతలతో బయటపడింది. శ్రీపతి అక్కడికక్కడే పోయాడు. పూజకని పెట్టుకున్న కొబ్బరికాయ డిక్కీలో అలాగే ఉందట.

పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఉమాకాంత్ వాడిన బండి, దాంట్ల లోపమెట్ల ఉంటది? శ్రీపతే జర పరధ్యానంగ ఉన్నట్టుండె, పాపం." ఆ మాట వినపడినప్పుడల్లా ఉమాకాంత్ తల దించుకునేవాడు. దుఃఖం అనుకున్నారు అంతా. ఆ మాటే నిజం కావాలని ఆయన లోలోపల దేవుడికి మొక్కుకుంటున్నాడని ఎవరికి తెలుసు? తప్పు చచ్చిపోయినవాడిదే కావాలని మొక్కు! ఛీ, ఎంత నీచానికి దిగజారాను అని తనను తాను తిట్టుకునేవాడు, మళ్లీ మొక్కుకునేవాడు.

దినాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయిన సాయంత్రం సంజన అశోక్ నగర్ ఇంటి వరండాలో ఒక్కతే కూర్చుంది. తండ్రి పోయిననాటి నుంచి ఆ పిల్ల కంట నీటి చుక్క రాలేదు, పెట్టింది తినలేదు. ఎదుటి హాస్టల్లో ఆడపిల్లలు ఏదో చదువుకుంటూ నవ్వుకుంటున్నారు. ఉమాకాంత్ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"మామా, నాన్నను నేనే చంపిన" అంది సంజన.

"ఏం మాటలవి బిడ్డా!"

"డ్యామ్ కనబడ్తుంది చూడు నాన్నా అన్న. ఇటు తిరిగిండు. అందుకే బ్రేక్ తొక్కుడు లేటయింది. మస్తు తొక్కిండు మామా, తొక్కుతనే ఉండె. నేను గా మాట అనకపోతే బండి ఆగుతుండె."

ఉమాకాంత్ అడగకూడదనుకుంటూనే అడిగాడు. "అంతకు ముందు వాసనేమన్న వచ్చిందా?"

"కాలిన వాసన వచ్చింది. ఆపి చూద్దమా నాన్నా అన్న. మీ మామ బండిల గట్లాంటివి ఉండవు, ముందు పోతున్న లారీది అన్నడు."

దిగుడు రోడ్డులో వేడెక్కి మాడింది ఆ డూప్లికేట్ ప్యాడ్లే. ఇంకేం మిగిలింది? ఇంత వరకు మొక్కిన మొక్కులన్నీ మట్టిలో కలిశాయి. చెప్పకపోతే తన పేరు నిలుస్తుంది, కానీ ఈ పిల్ల బతికున్నన్నాళ్లూ ఆ డ్యామ్‌నే తలుచుకుని కుళ్లిపోతుంది. ఆయన గోడ పట్టుకుని లేచి, "త్రివేణీ, ఇటు రా" అని పిలిచాడు.

ఆమె మెడకు కట్టిన చెయ్యితో గడప దగ్గరకొచ్చింది.

"నీ తప్పేం లేదు బిడ్డా" అన్నాడు సంజనతో. "నువ్వు డ్యామ్ చూపించినా చూపించకపోయినా బండి ఆగకపోతుండె. అవి కంపెనీ బ్రేకులు కావు. అమ్మే బండి గదా అని బయటివి వేయించిన. మీరు తీస్కపోతమన్ననాడన్న చెప్పాల్సుండె. సిగ్గయి చెప్పలేకపోయిన. మీ నాన్న నా మీద నమ్మకంతోని పోయిండు."

సంజన "నాన్నా" అని ఒక్కసారిగా బావురుమంది. ఆ ఏడుపుకు ఎదుటి హాస్టల్లో నవ్వులు ఆగిపోయాయి. త్రివేణి నేల మీద కూలబడి, బాగున్న చేత్తో కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. అన్న వైపు చూడలేదు. తిట్టినా బాగుండును, చెప్పు తీసి కొట్టినా బాగుండును అనుకుంటూ ఆయన అలాగే నిలబడ్డాడు.

కూతురి ఏడుపు నెమ్మదించాక ఆమే అడిగింది.

"గా రోజు చెప్తే ఏమైతుండె అన్నా? ఆయన నవ్వుతుండె. గంతే గదా."