టెంకాయ లేచిన మిషను

నా బామ్మర్ది నరేంద్రను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మింది నా భార్య హనుమంతమ్మ. తమ్ముడు కాబట్టి ఆమె నమ్మింది, ఆమె మాట కాదనలేక సంతకం నేను పెట్టాను. ముదిగుబ్బ దగ్గర రోడ్డు పక్కనున్న నా చేను అట్లా బ్యాంకు తాకట్టులోకి పోయింది.

నరేంద్రకు కదిరిలో ఒక ల్యాబు ఉంది. కింద టిఫిన్ హోటలు, పైన ల్యాబు. ఆసుపత్రుల్లో కోసి తీసిన గడ్డల ముక్కలు అక్కడికి వస్తాయి. హేమలత అనే అమ్మాయి వాటిని పొరలు పొరలుగా కోసి, గాజు పలకల మీద అంటించి, రంగు వేస్తుంది. వాటినే స్లైడ్లంటారు. అది క్యాన్సరా కాదా అని చెప్పాల్సింది అనంతపురంలో ఉండే డాక్టరు ఉమాదేవి. ఆ స్లైడ్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సులో పోయి ఆమెకు ఇచ్చి రావడం నా పని. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి బామ్మర్ది చూపిన ఉద్యోగం.

ఒకనాడు నరేంద్ర నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"బావా, ఇంక నువ్వు బస్సెక్కే పనిలేదు. స్కానరు కొంటాండా. స్లైడు దాంట్లో పెడితే బొమ్మ తీసి నెట్టులో పంపిస్తాది. మేడమ్ ఆడనే కూర్చొని చూసుకుంటాది."

"మంచిదే కదప్పా. కొను."

"లోనుకు జామీను కావాలంట. నీ చేను పెట్టు. ల్యాబులో నీకు పావలా వాటా."

"కట్టలేకపోతే నా చేను పోతాది కదప్పా?"

"ఆ చేన్లో ఏం పండుతాండాది బావా, పోయేదానికి?"

మూడు కంపెనీలవాళ్ళు ఒకే రోజు మూడు మిషన్లు తెచ్చారు. ఒకటి మిక్సీ అంత. ఒకటి పాత టీవీ అంత. మూడోది బీరువా అంత. దాన్ని హోటలువాళ్ళు నలుగురు పట్టి మెట్లెక్కించి కిటికీ పక్కన దింపారు. అది మూడు వందల స్లైడ్లు ఒక్కసారే మింగుతుందట. మా ల్యాబుకు పది స్లైడ్లు వచ్చిన రోజు హేమలతకు పండుగ.

డాక్టరమ్మ ఫోన్లో తేలికగా చెప్పింది, ఒకే స్లైడు మూడింట్లోనూ పెట్టి బొమ్మలు పంపమని. మిక్సీ బొమ్మ మేం టీ తాగేలోపల చేరింది. టీవీ బొమ్మ భోజనాల వేళకు చేరింది. పొద్దు గూకినాక ఆమె నాకే ఫోను చేసింది.

"సుంకప్పన్నా, చిన్నది చాలని నరేంద్రతో చెప్పు. మన పనికి బొమ్మ బాగుండాది. ఆ పెద్దదాని బొమ్మ బరువెక్కువ, నెట్టులో ఇంకా దారిలోనే ఉండాది."

అక్కడికి అయిపోవాల్సిన వ్యవహారం. కానీ నరేంద్రకు మనసొప్పలేదు. "మిక్సీ అంత దానికి బ్యాంకు మేనేజరును పిలిచి రిబ్బను కత్తిరించమంటానా బావా? నవ్విపోరూ?" అని రెండు రోజులు తిండి సరిగా తినలేదు. మూడో రోజు తెల్లారి కళకళలాడుతూ వచ్చాడు.

"జామీను పెట్టేది భూమి కదా బావా. భూమికి చేసే శాస్త్రమే దీనికీ చెయ్యాల. వీరప్పను పిలిపించినా."

వీరప్ప మా పక్క బోరు పాయింట్లు చూపించే మనిషి. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కింద నీళ్ళున్నచోట అది లేచి నిలబడుతుంది. ఆయన చూపించనిదే మా పక్క ఎవరూ బోరు బండిని పిలవరు. నా చేన్లో కూడా ఒకసారి తిరిగాడు. టెంకాయ పడుకున్నది పడుకున్నట్టే ఉంది. నీళ్ళు లేవని చెప్పి వెళ్ళిపోయాడు.

వీరప్ప చెప్పులు మెట్ల కింద విడిచి పైకి వచ్చాడు. మెడలో టై కట్టుకున్న కంపెనీవాళ్ళు ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. బెంగుళూరు నుంచి వచ్చినాయన చేతులు జోడించాడు కూడా. మిక్సీ ముందు టెంకాయ కదల్లేదు. టీవీ ముందూ కదల్లేదు. బీరువా ముందు పోయేసరికి లేచి నిలబడింది.

నరేంద్ర నా వైపు చూశాడు. నేను వీరప్ప వైపు చూశాను.

"ఏమప్పా వీరప్పా, అది దేనికి లేచినట్టు?"

"నీళ్ళకు."

"మిద్దె మీద నీళ్ళేందప్పా?"

"అది నన్నడిగితే? కింద నీళ్ళుంటే నా కాయ లేస్తాది. మిషను సంగతి నాకు తెలీదు."

హేమలత కిటికీలోంచి తొంగిచూసి, "సరిగ్గా దీని కిందనే అన్నా, హోటలోళ్ళ నీళ్ళ తొట్టి" అంది.

"ఇన్నావా నరేంద్రా? అది తొట్టికి లేచిందంట."

"తొట్టి ఎప్పటినుంచో ఆడనే ఉండాది బావా. మిషను వచ్చినాకనే కదా కాయ లేచింది?"

వీరప్ప టెంకాయ చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

బీరువానే కొన్నాడు. మేనేజరు రిబ్బను కత్తిరించాడు. ఆ తర్వాత ఒకనాడు డాక్టరమ్మ ఫోను చేసింది.

"నరేంద్రా, పేషెంటొచ్చి నా ముందరే కూర్చున్నాడు. ఆయన బొమ్మ యాడుండాది?"

"వస్తాండాది మేడమ్."

"నిన్న కూడా వస్తాండాదనే అంటివి. సుంకప్పన్నను బస్సెక్కించు. ఆయనే ముందొస్తాడు."

నేనే ముందు చేరాను. ఆ తర్వాత డబ్బా మళ్ళీ నా ఒళ్ళోకే వచ్చింది. బీరువా మీద హేమలత రిజిస్టర్లు పెట్టుకుంటోంది. పావలా వాటాకు నష్టంలో పావలా వచ్చింది. లోను కంతులు ఆగిపోయాయి. బ్యాంకువాళ్ళు చేనును వేలం వేస్తే రాయదుర్గంలో జీన్సు కుట్టించే ఒక ఆసామి పాడుకున్నాడు. హనుమంతమ్మ మాత్రం తమ్ముణ్ణి ఏమీ అనలేదు. సంతకం నాదట.

పోయిన వారం ముదిగుబ్బ దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చి బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే నా చేన్లో వీరప్ప. వెనకాల ఆ జీన్సు ఆసామి. వీరప్ప గట్టు దాటి నాలుగు అడుగులు వేశాడు. అరచేతిలో టెంకాయ నిటారుగా లేచింది.

పక్క సీటులో ఉన్నాయన మెడ సాచి చూశాడు. "ఎవరో గానీ అదృష్టవంతుడన్నా. ఎంతుంటాది ఆ చేను?"

డబ్బా గట్టిగా పట్టుకుని చెప్పాను.

"రెండెకరాల ముప్పై సెంట్లు."