పొద కొమ్మల్లో దొరికిన నికెల్

నేను బఠాణీ గింజంత ఒక నికెల్ ముక్కని. మొదటిసారి నన్ను ఎక్కడో కొండ తవ్వి తీశారు. రెండోసారి పొద కొమ్మల్లోంచి పుట్టాను. ఆ రెండో పుట్టుక గురించే చెబుతాను, ఎందుకంటే మొదటిదానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

విశాఖ శివార్లలో ఒక షెడ్డు ఉండేది. అక్కడ సైకిల్ హ్యాండిళ్లకు, కుళాయిలకు మాతో మెరుపు పూత వేసేవారు. పూతగా అంటుకున్నవి బజారుకెక్కాయి. కడుగునీళ్లలో మిగిలిన మమ్మల్ని గోడ కన్నంలోంచి పక్క మడిలోకి వదిలేశారు. మెరిసినంతవరకే మనుషులకు మా మీద మమకారం.

ఆ మడి వరహాలమ్మది. ఆకుకూరలు పండించి అమ్మేది. మేం చేరాక తోటకూర జానెడైనా ఎదగకుండా పసుపెక్కిపోయింది. ఆవిడ పేడ వేసింది, విత్తనం మార్చింది, అమ్మవారికి మొక్కుకుంది. షెడ్డు మూతపడ్డా మేం కదల్లేదు. చివరికి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రెహనా వచ్చి మట్టి పరీక్ష చేయిస్తే మా పేరు బయటపడింది.

“ఈ నేలలో పండింది ఎవరూ తినకూడదమ్మా,” అంది రెహనా.

వరహాలమ్మ ఆ పూటే మొక్కలన్నీ పీకేసింది. లారీలు నిలుపుకునేవాళ్లకు మడి ఇచ్చేద్దామన్నాడు ఆమె భర్త అప్పలకొండ.

“లారీల కింద నేల సచ్చిపోద్ది. నాను ఒప్పను,” అందావిడ.

అప్పుడు రెహనా ఒక పొద సంగతి చెప్పింది. అది మట్టిలోని నికెల్‌ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందట.

“నా తోటకూరని సంపేసిందాన్ని ఆ పొద తింటాదా?”

“ఇష్టంగా తింటుంది. దాన్ని మాత్రం మనుషులూ పశువులూ తినకూడదు.”

అలా మడి నిండా పొదలు వచ్చాయి. వీధి వీధంతా నవ్వింది. “కూరకి పనికిరాని సెట్టుకి కంచొకటీ!” అని అప్పలకొండ కూడా సణిగాడు. మేకలొస్తే వరహాలమ్మ కర్ర పట్టుకుని పరిగెత్తేది. ఆ మేకలకు తాము బతికిపోతున్నామని తెలియదు పాపం, తిట్టుకుంటూ పోయేవి.

ఒకనాడు, మట్టిలో కంటికి కనబడనంత సన్నగా కలిసిపోయి ఉన్న నన్ను ఒక వేరు తాకింది. అంతవరకూ నన్ను తాకిన వేళ్లన్నీ ముడుచుకుపోయినవే. ఈ వేరు మాత్రం నన్ను లోపలికి పిలిచింది. కాండం వెంట పైకి వెళ్తుంటే, వద్దనేవాళ్లు లేని ఇంట్లో మొదటిసారి అడుగుపెట్టినట్టు అనిపించింది.

రెహనా ఒక కొమ్మ విరిచి చూపించింది. విరిచినచోట లేత పచ్చని రసం చుక్క కట్టింది. ఆ చుక్కలో నేనున్నాను.

“ఓలమ్మో, పచ్చ రగతం!” అన్నాడు అప్పలకొండ. “ఇది నిజంగానే లాగేస్తంది!”

మర్నాటి నుంచి నీళ్ల బిందె అతని భుజానికెక్కింది.

ఏటేటా కొమ్మలు కోశారు. కాలేజీలో, పొగ బయటికి పోని కొలిమిలో కాల్చారు. ఆ బూడిదలోంచి రెహనా ఓపికగా మా రేణువులన్నీ వేరుచేసి, కలిపి నన్నొక ముక్కగా చేసింది. నేను తళుక్కుమనగానే ప్రయోగశాలలో ఆమె ఒక్కతే చప్పట్లు కొట్టింది.

కొన్నేళ్లకు మట్టి బాగుపడిందని తేలింది. తోటకూర వేశారు. దాన్నీ పరీక్షకు పంపి, భయం లేదన్నాకే పులుసు పెట్టారు. తొలి ముద్ద ముందు తనే తింటానంది రెహనా. వరహాలమ్మ ఒప్పుకోలేదు.

“నా నేల. ముందు నాను తినాలి.”

కళ్లు మూసుకుని నమిలింది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. అప్పలకొండ కంగారుపడ్డాడు.

“ఏటే, ఏటైంది?”

“ఉప్పెయ్యడం మరిసిపోనాను,” అందావిడ. ముగ్గురూ ఒకటే నవ్వు.

ఆ రోజే రెహనా నన్ను ఆవిడ చేతిలో పెట్టింది. ముక్కుపుడకలో పొదిగించుకుంటానంది వరహాలమ్మ. నికెల్ కొందరి ఒంటికి పడదు, దురద పెడుతుందని రెహనా వారించింది.

“నా నేలకే పడనేదు, నాకేటి పడతాది!” అని నవ్వేసి, నన్ను ఒక ఇత్తడి గంటకు నాలుకగా వేయించింది. ఆ గంటను కూరల బండికి కట్టింది.

ఇప్పుడు పొద్దున్నే వీధుల్లో నా పనే పని. చప్పుడు వినగానే ఆడవాళ్లు సంచులతో బయటికొస్తారు, ఆకు తుంచి చూస్తారు, కట్ట చిన్నదని గొడవపడతారు, అయినా కొంటారు. ఈసారి వాళ్ల కూరలో నేను లేను. అందుకే ఇంత గట్టిగా మోగుతున్నాను.