ఏమీ జరగకుండా చూసే పని

"పిల్లికి సూపు కాచి పోసే ఇల్లు మాంటెవిడియో మొత్తమ్మీద మనదొక్కటే అయ్యుంటుంది," అంది అత్తగారు దోన్యా ఎల్బా, వంటింటి గుమ్మంలో చేతికర్ర మీద బరువు వేసి నిలబడి.

మీర్తా డబ్బాలోంచి తీసిన మెత్తటి మేత మీద గోరువెచ్చని నీళ్ళు పోసి, ఉడికించిన గుమ్మడికాయ కొంచెం వేసి, ఫోర్కు వెనక్కి తిప్పి మెదుపుతోంది. పిల్లి పేరు బెనీతో. ఉండలుంటే వాడు ముట్టడు. నీళ్ళు విడిగా పోస్తే తాగడు. మేతలో కలిసిపోయిన నీళ్ళే వాడి ఒంట్లోకి పోతాయి.

"వాడు పిల్లి మీర్తా, ప్రెసిడెంటు కాదు," అన్నాడు వాల్టర్ ముందుగదిలోంచి. తల్లీ కొడుకూ కలిసి నవ్వుకున్నారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి నవ్వే సందర్భాలు తక్కువ. ఉన్నవాటిలో చాలావరకు మీర్తా మీదే.

బెనీతో అత్తగారి పిల్లి. మామగారు పోయాక ఆవిడ కొడుకు ఫ్లాటుకి వస్తూ, ఒక చేత్తో ఆయన ఫోటో, ఇంకో చేత్తో ఈ పిల్లి బుట్టా పట్టుకుని వచ్చింది. ఫోటో గోడకెక్కింది. పిల్లి మీర్తా చేతికొచ్చింది. అప్పటికే వాడికి వయసు మీరింది, నడుం కింద పట్టేసింది. చలికాలమంతా గ్యాస్ హీటరు ముందు రొట్టె ముద్దలా పడుండేవాడు. మూడు చలికాలాల కిందట ఒకసారి కడుపు బిగుసుకుపోయి, దొడ్డికి వెళ్ళే ఇసుక తొట్టి దగ్గర గొంతు చించుకుని అరిచాడు. వీధి చివరి పశువుల డాక్టరమ్మ, లార్రోసా అని, గొట్టంతో కడుపు కడిగి బతికించింది. ఆ తరవాత చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"ముసలి పిల్లి. కదలదు, నీళ్ళు తాగదు. కీళ్ళ నొప్పులు, అంచు ఎత్తుగా ఉంటే తొట్టిలోకి కాలు పెట్టదు. పెట్టలేక బిగబట్టుకుంటుంది. బిగబట్టిన కొద్దీ లోపల ఎండి రాయవుతుంది. వచ్చాక మందులివ్వడం కాదు, రాకుండా చూసుకోవాలి. ఇంట్లో ఎవరు చూసుకుంటారు?"

వాల్టర్ తల తిప్పి మీర్తా వైపు చూశాడు. అంతే. ఆ తల తిప్పడంతో మూడేళ్ళ పని ఆమె పేరు మీద రాసేసినట్టయింది.

ప్లాస్టిక్ టబ్బు ఒకటి తెచ్చి, దాని అంచు ఒక పక్క కోసి, పిల్లి పొట్టకి గీసుకోకుండా కోసిన చోట టేపు చుట్టింది. అందులో పోసిన ఇసుక పొద్దున్నే లేచి శుభ్రం చేసేది. మురికిగా ఉంటే వాడు అడుగు పెట్టడు మరి. ఏం పడిందో, ఎంత పడిందో, ఎండిందో మెత్తగా ఉందో చూసేది. మేత గిన్నె పక్కనే నీళ్ళుంటే వాడికి గిట్టదని తెలిశాక కిటికీ కింద ఒక గిన్నె, అత్తగారి మంచం దగ్గర ఇంకొకటి పెట్టింది. బొచ్చు నాకి నాకి కడుపులో ఉండకట్టకుండా రోజూ దువ్వేది. స్కూలు వంటింట్లో గిన్నెలెత్తి ఇంటికొచ్చి, కోటు విప్పకముందే, డ్రెస్సింగ్ గౌను తాడు నేల మీద ఈడుస్తూ నడవా ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేది. వాడు విసుక్కుంటూ, మొహమాటానికన్నట్టు, రెండడుగులు వెంట వచ్చేవాడు. ఆ రెండడుగుల కోసమే ఆ తాడు. చూసేవాళ్ళకి ఈ వయసు ఆడది పిల్లితో ఆడుకుంటున్నట్టుండేది. "పిల్లలు పెద్దాళ్ళయ్యారుగా, తోచడం లేదు పాపం," అనేవాడు వాల్టర్ ఫోన్లో ఎవరితోనో.

వండిన కూర కనిపిస్తుంది. ఇస్త్రీ చేసిన చొక్కా కనిపిస్తుంది. రాని జబ్బు ఎవరికి కనిపిస్తుంది? మూడేళ్ళు బెనీతోకి ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడం వెనక మీర్తా ఎన్నిసార్లు నడుం వంచిందో ఎవరూ చూడలేదు. "కన్య మరియమ్మ దయ, వీడికి మళ్ళీ ఆ రోగం రాలేదు," అనేది అత్తగారు. "ఆ డాక్టరమ్మ ఊరికే భయపెట్టింది. పిల్లి రాయిలా ఉంది చూడు," అనేవాడు వాల్టర్. ఒక్కోసారి మీర్తాకి కూడా అనుమానం వచ్చేది, ఇదంతా నా పిచ్చేమోనని. ఒక రోజు మానేసి చూద్దామనిపించేది. కానీ మానేస్తే నొప్పి పడేది వాల్టర్ కాదు కదా. అందుకని మానలేదు.

దోన్యా ఎల్బాకి ఆ భవనంలో పేరుంది. తిన్నది అరక్క కడుపు పట్టేసిన పిల్లల్ని తల్లులు ఆవిడ దగ్గరికే తీసుకొస్తారు. పసివాణ్ణి బోర్లా పడుకోబెట్టి, చేతికి బూడిద రాసుకుని, వెన్నుపూస మీద తోలు చిటికెలో పట్టి పైకి లాగుతుంది. టప్పుమని చప్పుడైతే కడుపు వీడినట్టే. పెదాలు కదిలిస్తూ ఏదో చదువుతుంది. ఆ మాటలు ఇంకొకరికి క్రిస్మస్ ముందు రాత్రి మాత్రమే నేర్పాలి, లేకపోతే పని చెయ్యవట. ఒక ఏడాది ఆ రాత్రి మీర్తా అడిగింది, నాకు నేర్పుతారా అత్తయ్యా అని. "ఇది రక్తంలో పారాల్సిన విద్య అమ్మాయ్. నువ్వెళ్ళి ఆ సలాడు సంగతి చూడు," అంది ఆవిడ.

స్కూల్లో పెద్ద గిన్నెలు, ఇంట్లో స్నానాల గదిలో అత్తగారు. ఎత్తీ ఎత్తీ మీర్తా గర్భసంచి జారింది. ఎన్నాళ్ళుగానో తెలుసు. నిలబడితే లోపల ఏదో కిందికి దిగిపోతున్నట్టుండేది. ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేసుకుంది. ఒకసారి అత్తగారి కంటి శుక్లాలు, ఇంకోసారి వాల్టర్ క్లబ్బు వాళ్ళ ప్రయాణం. "ఇక ఆపితే కుదరదు. ఏం బరువులెత్తుతావమ్మా నువ్వు?" అని అడిగాడు డాక్టరు. "పెద్దగా ఏం లేదండీ," అంది మీర్తా. అలవాటుగా వచ్చిన జవాబది. బయటికొచ్చాక ఆ జవాబు గుర్తొచ్చి, బస్సులో కూర్చుని ఏడ్చింది.

ఆసుపత్రికి వెళ్ళే ముందు వాల్టర్‌ని వంటింట్లోకి పిలిచింది. ఒక చంకలో థర్మాసు ఇరికించుకుని, చేత్తో మతే అనే ఆకు టీ ఉన్న సొరబుర్ర పట్టుకుని, పీల్చే గొట్టం నోట్లోంచి తియ్యకుండానే వచ్చాడు.

"మేతలో నీళ్ళు కలపాలి, ఇదిగో ఇంత పలచగా. ఎండు గింజలు వద్దు. తొట్టి ఇక్కణ్ణుంచి కదపకు. రెండు రోజులు ఏమీ పడకపోతే ఆగొద్దు, లార్రోసా దగ్గరికి తీసుకెళ్ళు."

"ఆఁ ఆఁ. కాయితం మీద రాసి ఫ్రిజ్జుకి అంటించెయ్."

"మూడేళ్ళు నీ కళ్ళముందే చేశాను వాల్టర్."

"నేను చూస్తూ కూర్చున్నానా? నాకు పనుండదా?"

రాసిపెట్టి ఉండాల్సిందా అని తరవాత చాలాసార్లు అనుకుంది. స్కూలు వంటింట్లో కొత్తగా చేరిన అమ్మాయికి కూడా ఎవరూ రాసివ్వరు. పక్కన నిలబడి చూసి నేర్చుకుంటుంది. చూడదలుచుకున్నవాడికి కాయితం ఎందుకు?

ఆసుపత్రిలో ఆమెకి వేరే ఎవరో తల దువ్వారు, వేరే ఎవరో నీళ్ళు తాగించారు. "ఇవాళ కడుపు కదిలిందా సెన్యోరా?" అని నర్సు అడిగితే సిగ్గుతో ముడుచుకుపోయింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి. ఆ ప్రశ్న ఇన్నేళ్ళు ఇంట్లో తనే అందరి గురించీ వేసుకుంది. తన గురించి ఇంకొకరు అడగడం ఇదే మొదలు. వాల్టర్ ఒక్కసారి వచ్చి వెళ్ళాడు. గ్యాస్ సిలిండరుకి ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగాడు. "బెనీతో ఎలా ఉన్నాడు?" అంది.

"బంగారం. సోఫా కింద పడుకున్నాడు. చప్పుడు లేదు, గొడవ లేదు. ఊరికే హడావిడి చేస్తావు గానీ, ఎంత సులువో తెలుసా వాణ్ణి చూసుకోవడం."

సోఫా కింద అన్న మాటకి మీర్తా దిండు మీంచి తల ఎత్తింది. వాడు ఎప్పుడూ హీటరు వదిలి పోడు. "ఇవాళే డాక్టరమ్మకి చూపించు," అంది. "అలాగే," అన్నాడు వాల్టర్, కుర్చీలోంచి లేస్తూ.

ఇంటికొచ్చేసరికి తలుపు తియ్యగానే వాసనేసింది. తొట్టి బట్టలుతికే వెనక వరండాలో ఉంది, చలిగాలి రాకుండా తలుపు మూసి. కంపు కొడుతోందని వాల్టరే అక్కడ పెట్టాడట. వంటింట్లో గిన్నె నిండా ఎండు గింజలు. కిటికీ కింద గిన్నెలో నీళ్ళ మీద తెట్టు కట్టింది. ముందుగదిలో హీటరు పక్కన అత్తగారు, ఆవిడ ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో బెనీతో. చేతికి బూడిద. వెన్ను మీద తోలు పట్టి పైకి లాగుతోంది, పెదాలు కదుపుతూ.

"వచ్చావా? ఇందాకే చప్పుడైంది, నా చెవులతో విన్నాను," అంది. "ఇంక వీడుతుంది. నిన్నటినుంచి విరేచనానికి వాజలిన్ నూనె కూడా పట్టిస్తున్నాం. వాల్టర్ నోరు తెరిచి పట్టుకుంటే నేను సిరంజితో పోశా. రాక్షసుడు, గీరి పెట్టాడు చూడు."

బెనీతో దగ్గాడు. పిల్లి దగ్గు విననివాళ్ళకి అది వాంతిలా ఉంటుంది. మెడ ముందుకి చాచి, నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు. పొట్ట మీద మీర్తా చెయ్యి వేసింది. లోపల గట్టిగా, పొడుగ్గా, కాలిన ఇటుకలాగా తగిలింది. చెయ్యి తగలగానే వాడు ఆమె వైపు చూశాడు. అరవలేదు. అరవడం ఎప్పుడో అయిపోయినట్టుంది.

"డాక్టరు దగ్గరికి," అంది.

"రేపు పొద్దున చూద్దాంలే. అమ్మ చెయ్యి పడింది కదా, కాస్త టైమివ్వు. నువ్విప్పుడేగా వచ్చావు, కూర్చో. ఏమైనా తిన్నావా? ఇంట్లో ఏమీ లేదు, నువ్వొచ్చి చేస్తావని..."

"వాల్టర్, బుట్ట తియ్యి."

ఎప్పుడూ ఆ బుట్ట ఎత్తేది ఆమె. బరువైన పిల్లి, అంతస్తుల మెట్లు. ఇవాళ ఆమె నిలబడ్డ చోటునుంచి కదల్లేదు, చేతులు తన పొత్తికడుపు మీదనుంచి తియ్యలేదు. వాల్టర్ కాసేపు చూసి, తనే బుట్ట తీశాడు. మెట్లు దిగుతున్నంతసేపూ బుట్ట గోడలకి తగిలిన చప్పుడు ఆమెకి కుట్ల లోపల వినిపించింది. ఒక్కో మెట్టూ రెయిలింగు పట్టుకుని ఆమె వెనకాల దిగింది.

లార్రోసా పిల్లి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తరవాత తల అడ్డంగా ఊపింది.

"నూనె ఊపిరితిత్తుల్లోకి పోయింది. కడుపు కడగొచ్చు, కానీ మత్తివ్వడానికి ఊపిరి చాలదు. వాడికి నొప్పి లేకుండా చెయ్యగలను, అంతే." స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని వాల్టర్‌ని అడిగింది. "మూడేళ్ళు బావున్నాడు కదా. ఏమైనా మార్చారా? మేత, ఇల్లు, ఏదైనా?"

"ఏమీ మారలేదు డాక్టర్," అన్నాడు వాల్టర్, నిజాయితీగానే. "ఈమె ఇంట్లో లేదు, అంతే."

డాక్టరమ్మ మీర్తా వైపు చూసింది. మీర్తా బెనీతో చెవుల మధ్య గీరుతూ ఉండిపోయింది, వాడి తల బరువెక్కేదాకా, ఆ తరవాత కూడా కాసేపు.

ఇంటికొచ్చాక దోన్యా ఎల్బా ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. మామగారు పోయాక రాత్రిళ్ళు ఆవిడకి తోడు పడుకున్నది ఆ పిల్లే. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మీర్తా మొహంలోకి చూసి అంది:

"నువ్వా ఆపరేషనుకి వెళ్ళకుండా ఉంటే వాడు బతికుండేవాడు."

వాల్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు. కాదనలేదు.

ఆ మాట గుండెలో దిగుతుందనుకుంది మీర్తా. దిగింది కూడా. కానీ దిగాక అది అక్కడ వేరేగా తిరగబడింది. మూడేళ్ళుగా ఎవరూ ఒప్పుకోని సంగతి ఇవాళ అత్తగారి నోటే వచ్చింది. కన్య మరియమ్మ దయ కాదు, పిల్లి గట్టిదవడం కాదు. వాడు బతికింది తన చేతుల వల్ల. ఈ ఇంట్లో తన పనికి దొరికిన మొదటి మెప్పు ఇదే, నేరం మోపినట్టుగా దొరికింది. తను చూస్తేనే జరగకుండా ఆగే సంగతులు ఇంకా చాలా ఉన్నాయి కదా అనిపించింది. మేజా బల్ల మీద కళ్ళు తిప్పింది. అత్తగారి బీపీ మాత్రల డబ్బాలో వారం పొడుగునా ఏ గదీ ఖాళీ అవలేదు. ఆవిడ చీలమండలు వాచి ఉన్నాయి. కుర్చీలోంచి లేవనట్టుంది, లేపినవాళ్ళు లేరు.

"నాక్కూడా కడుపు రాయిలా ఉంది," అంది అత్తగారు, ఇప్పుడు మెల్లగా, సిగ్గుపడుతూ. "నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ కదల్లేదు. ఆ ప్రూను పళ్ళు నానబెట్టి ఇచ్చేదానివి చూడు. వీడికి చేతకాలేదు."

వాల్టర్ తల తిప్పి మీర్తా వైపు చూశాడు.

మీర్తా ఫోను తీసి మీనాస్‌లో ఉన్న అక్కకి చేసింది. "అక్కా, నీ దగ్గర ఒక మంచం ఖాళీగా ఉందా? ఆఁ, నేనొక్కదాన్నే. ఎన్నాళ్ళో తెలీదు. కుట్లు మానాక ఆలోచిస్తాను." ఫోను పెట్టేసి, పొత్తికడుపు మీద చెయ్యి ఆనించుకుని, మొగుడి వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. అది చూసే వాల్టర్ భయపడ్డాడు.

"శనివారం దాకా ఇక్కడే ఉంటాను," అంది. "ఇలా వచ్చి నా పక్కన నిలబడు వాల్టర్. మీ అమ్మని ఎలా బతికించాలో చెబుతాను, ఈసారి చూడు."