నాలుగో సోమవారం

మా ఆయన గున్నేశ్వరరావు చనిపోయాక ఏడాదికి రాజమండ్రి ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక్క ఏడాది ఓపిక పట్టి ఉంటే బతికేవారు. ఆయనకి దేనికీ ఓపిక లేదు, చావడానికి కూడా తొందరే. పోతూ పోతూ ఆ జబ్బు నాకూ అంటించి పోయారు.

కోపం లేదా అంటే, బోలెడు ఉంది. కానీ తిట్టడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా! పొద్దున్న ఎనిమిదింటికొకటి, రాత్రి ఎనిమిదింటికొకటి మాత్ర వేసుకునే ప్రతిసారీ ఆయనే గుర్తొస్తారు.

కార్తీక సోమవారాలైతే మరీను. చుక్క పొడిచేదాకా నేను మంచినీళ్ళైనా ముట్టను. నా ఆకలి చూడలేక ఆయన మా పట్టిసీమ రేవులో నిలబడి, అవతలి ఒడ్డున దీపం వెలిగినా సరే, "అదిగో చుక్క, ఇంక తినవే" అనేవారు. ఆ అబద్ధం మళ్ళీ ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే వచ్చే జన్మలోనూ ఆయన్నే ఇమ్మని మొక్కుకుని, ఈసారి నాలుగు సోమవారాలూ ఉపవాసం పట్టాను. నీళ్ళే ముట్టనిదాన్ని పొద్దుటి మాత్రెలా మింగను? మూడు సోమవారాలు పొద్దుటిది మానేశాను.

నెల మందులకి వెళితే, కౌన్సెలర్ దేవిశ్రీ సీసాలో మిగిలినవి లెక్కపెట్టింది.

"అమ్మణ్ణి గారూ, మూడు ఎక్కువున్నాయేంటండీ?"

చెప్పాను. కసురుతుందనుకున్నాను గానీ కసరలేదు.

"అన్నం మానండి, నేనేం అననండి. మాత్ర మానకండి. ఇలా మానుతూ ఉంటే వైరస్ ఈ మందుకి లొంగదు. అప్పుడు వేరేది ఇద్దామన్నా మా దగ్గరికి ఇంకా రాలేదండి."

"మొక్కు చెడిపోదా అమ్మా?"

ఆ పిల్ల సీసా మూత బిగించింది. "మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?"

"ఆరో తరగతి."

కొత్త సీసా నా చేతిలో పెట్టింది.

నాలుగో సోమవారం ఎనిమిదయింది. మా సాయిసుధ బడికి తయారవుతూ రెండో జడ వేయమని రిబ్బను పట్టుకుని వచ్చింది. జడ వేసి, దాన్ని పంపించి, గ్లాసుతో నీళ్ళు తెచ్చుకున్నాను.

"ఏవండీ, వచ్చే జన్మలో మీరు నాకు దొరక్కపోతే పోనివ్వండి. ఈ జన్మలో దానికి నేను కావాలి," అని గట్టిగానే అన్నాను.

మాత్ర మింగేసి, అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.